ఢిల్లీ చిత్రశాలలలో రెండు దినాలు

చిత్రశాల అనే మాట మనకు కొత్తది కాదు. సుందరకాండలో సీతను వెదకుతూ తిరిగిన హనుమంతుడు రావణుని నగరంలో లతాగృహాలతో పాటు చిత్రశాలలను కూడ చూచినాడు. అయితే ఆ పాతకాలపు చిత్రశాలలన్నిటికీ ఒక యజమాని ఉన్నాడు. ఆయన అనుమతి గలవారు లోపలికి వెళ్లినారు. లేనివారు గోడ వెలుపలనే నిలిచినారు. వీధిని పోయే మనిషి, ఎవరి సిఫారసూ లేకుండ లోపల అడుగుపెట్టి, తన కాలపు చిత్రకారుడు వేసిన బొమ్మ ఎదుట నిలిచి, నచ్చినదో లేదో తనలో తాను తేల్చుకొని తిరిగి రాగల చోటు మాత్రం ఇటీవలిది. ఢిల్లీలో అట్టి చోట్లు ఏర్పడిన కథ చాలవరకు 1928కి, 1968కి నడుమ నలుబది ఏండ్లలో జరిగినది. ఆ కథను గ్రంథాలలో చదువవచ్చును. సెలవు దొరికిన ఒక శనివారం, ఆదివారం కాలినడకను కూడ చదువవచ్చును. ఈ వ్యాసంలో నేను రెండవ మార్గాన్ని పట్టినాను.

నడక కన్నాట్ ప్లేస్‌లో మొదలుపెట్టుట మేలు. 1931లో కొత్త ఢిల్లీ రాజధానిగా ప్రారంభమైనప్పుడు అక్కడ వైస్రాయి భవనం ఉన్నది, సచివాలయాలు ఉన్నవి, విశాలమైన రాజమార్గాలు ఉన్నవి. చిత్రకారునికి తనదని చెప్పుకొనదగిన గోడ ఒక్కటి లేదు. అవనీంద్రనాథ ఠాకూరు శిష్యుడైన శారదాచరణ ఉకీలు, ఆయన సోదరులు 1928లో అఖిల భారత లలితకళల, చేతిపనుల సంఘాన్ని స్థాపించి ప్రదర్శనలు జరుపుతూ వచ్చినారు. కాని ఆ సంఘానికి రఫీ మార్గంలో సొంత భవనం లేచినది స్వాతంత్ర్యం వచ్చిన తరువాతనే.

ఈ లోపల ఒక వర్తక కుటుంబం చేసిన పని స్మరింపదగినది. కాగితాలు, సిరాలు మొదలైన వ్రాత సామగ్రి అమ్మే ధూమీమల్ వారు 1936లో కన్నాట్ ప్లేస్‌లో బొమ్మలకు చోటిచ్చినారు. మన దేశంలో నేటికిని నడచుచున్న ప్రైవేటు చిత్రశాలలలో ఇదే అన్నిటికంటె పాతదని చెప్పుకొంటారు. ఆ తెల్లని స్తంభాల వసారాలో నేడు నడచేవారిలో పలువురికి ఈ సంగతి తెలియదు. లెక్కల పుస్తకం కొనవచ్చిన గుమాస్తా కంట చిత్రపటం పడే అవకాశం ఈ నగరంలో మొదట ఒక దుకాణంలో కలిగినదన్న మాట చరిత్రకారులు మరువరానిది.

కన్నాట్ ప్లేస్ నుండి పడమరగా కొంతదూరం పోతే గోల్ మార్కెట్ వస్తుంది. కూరగాయలకు, మాంసానికి ప్రసిద్ధమైన ఆ అంగడికి చిత్రకళాచరిత్రలో ఒక స్థానం ఉన్నది. దానిని తెలిసికొనుటకు లాహోరు దాకా పోవలెను.

భబేశ్ చంద్ర సాన్యాల్ 1901లో జన్మించిన వంగీయుడు. కలకత్తాలో కళాభ్యాసం చేసి, 1929లో లాహోరు కాంగ్రెసు మహాసభ సందర్భమున లాలా లజపతిరాయ్ విగ్రహం చేయుటకై ఆ నగరానికి వెళ్లి, అక్కడనే స్థిరపడినాడు. మేయో కళాశాలలో ఉపాధ్యాయుడై, ఆ కొలువు పోయిన తరువాత సొంతంగా ఒక చిత్రకళాశాల నడిపినాడు. లాహోరులో కవులు, నటులు, చిత్రకారులు చేరే కూడలి ఆయన కార్యశాల. 1947లో దేశం రెండైనది. సాన్యాల్ ఢిల్లీ చేరి, గోల్ మార్కెట్‌లో తలదాచుకొని, తన చోటునే కార్యశాలగా, చిన్న చిత్రశాలగా మార్చుకొన్నాడు. ఇల్లు వెదకుకొనవలసిన వేళ ఆయన బొమ్మలు వ్రేలాడదీయుటకు గోడ వెదకినాడు.

ఆయనవలెనే మరికొందరు వచ్చినారు. ధనరాజ్ భగత్, కన్వల్ కృష్ణ, ప్రాణనాథ్ మాగో మొదలైన పంజాబీలతో ఢిల్లీలో అప్పటికే ఉన్న కె. ఎస్. కులకర్ణి కలిసినాడు. పాత సంఘం తీరు నచ్చని వీరందరూ 1949లో ఢిల్లీ శిల్పిచక్రాన్ని స్థాపించినారు. కళ జీవితానికి వెలుగునీయవలెనన్నది వారి సంకల్పం. వారిలో పలువురు కాందిశీకులు. జనం బొమ్మల కొరకు రాకపోతే బొమ్మలే జనం వద్దకు పోవలెనని వారు భావించి, సమ్మర్దం గల పేటలలో ప్రదర్శనలు పెట్టినారు. కళను గురించి గోష్ఠులు నడిపినారు. ధూమీమల్ వారి దుకాణం ఈ చక్రసభ్యుల చిత్రాలకు ఆశ్రయమిచ్చినది. లాహోరు మ్యూజియంలో పనిచేసి ఢిల్లీకి వచ్చిన హంగేరీ దేశీయుడు చార్లెస్ ఫాబ్రీ పత్రికలలో వీరి ప్రదర్శనలను విమర్శించి, చదువరులకు చూచుట నేర్పినాడు.

ఝేలంలో పుట్టిన సతీశ్ గుజ్రాల్ ఈ బృందంలో చిన్నవాడు. బాల్యంలోనే వినికిడి పోగొట్టుకొన్న ఆయన విభజననాటి ఘోరాలను కన్నులతోనే గ్రహించినాడు. ముసుగులలో ముడుచుకొని రోదించే ఆయన చిత్రాలలోని స్త్రీలను చూచినవారికి చెవులలో ఏదో ధ్వని వినిపించినట్లుండుట విచిత్రం. 1952లో ఆయన ఉపకార వేతనంతో మెక్సికో వెళ్లి, అక్కడి కుడ్యచిత్రకారుల వద్ద పనిచేసినాడు. ఆ ఎంపికకు తోడ్పడినవాడు అప్పుడు ఢిల్లీలో చిన్న దౌత్యోద్యోగిగా ఉన్న కవి ఒక్తావియో పాజ్.

శనివారం మధ్యాహ్నానికి మండీ హౌస్ కూడలి చేరితే కథ మరొక మలుపు తిరుగుతుంది. తాన్‌సేన్ మార్గంలోని త్రివేణి కళాసంగమాన్ని సుందరీ శ్రీధరాణి 1950లో ప్రారంభించినది. ఆమె ఉదయశంకర్ వద్ద నాట్యం నేర్చినది. కన్నాట్ ప్లేస్‌లో ఒక కాఫీ హోటలు మీది గదిలో, కులకర్ణి బోధకుడుగా, ఇద్దరు విద్యార్థులతో ఆ సంస్థ మొదలైనది. జోసెఫ్ అలెన్ స్టైన్ రూపొందించిన నేటి భవనం 1963లో ప్రారంభమైనది. జాలిగోడలు, తీగలు, పచ్చిక మెట్ల ఆరుబయలు రంగస్థలం, వాటి నడుమ శ్రీధరాణి చిత్రశాల. అక్కడ ద్వారానికి గంభీరమైన మెట్లు లేవు, సింహాల బొమ్మలు లేవు. భోజనశాలకు పోయేవాడు దారిలో చిత్రశాలలోనికి తొంగిచూడవచ్చును.

అయినను ఆ శనివారం నేను అక్కడ చూచినదొకటి చెప్పవలెను. ఒక మనిషి ఎనిమిదేండ్ల కూతురు చేయి పట్టుకొని గుమ్మం వద్ద ఆగినాడు. పాప లోపలి రంగులను చూచి లాగుచున్నది. ఆయన నన్ను ఎగాదిగా చూచి, హిందీలో, "బాబూజీ, లోపలికి అందరూ పోవచ్చునా?" అని అడిగినాడు. పోవచ్చునన్నాను. "టిక్కెట్టు ఎంత?" అన్నాడు. లేదన్నాను. ఆయన నమ్మినట్లు లేదు. పాప మాత్రం అప్పటికే లోపల ఉన్నది. ముప్పది ఏండ్లుగా హిందీ వాక్యాలను తెలుగు చేస్తూ వచ్చిన నాకు ఆ చిన్న ప్రశ్నను ఎట్లు అనువదించవలెనో తోచలేదు. అందులో వినయం ఉన్నది. అనేక తరాలుగా గోడ వెలుపల నిలిచిన అలవాటు కూడ ఉన్నది.

త్రివేణికి నడక దూరంలోనే రవీంద్రభవనం. ఠాకూరు శతజయంతి సంవత్సరమైన 1961లో వెలసిన ఈ భవనాన్ని హబీబ్ రహమాన్ నిర్మించినాడు. సంగీత నాటక, సాహిత్య, లలితకళా అకాడమీలు మూడింటికి ఇది ఒక్క నీడ. లలితకళా అకాడమీని 1954 ఆగస్టు 5న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రారంభించినారు. మొదటి అధ్యక్షుడు దేవీప్రసాద్ రాయ్ చౌదరి. మద్రాసు చిత్రకళాశాలకు దీర్ఘకాలం అధిపతిగా ఉండి, మన తెలుగు విద్యార్థులు పెక్కుమందికి చేయి పట్టి గీత నేర్పినవాడు ఆయనే.

1963 అక్టోబరులో ఈ భవనపు చిత్రశాలలో ఒక ప్రదర్శన జరిగినది. జె. స్వామినాథన్ ముఖ్యుడుగా పన్నెండుమంది యువకులు చేరి, తమ బృందానికి 'గ్రూప్ 1890' అని పేరుపెట్టుకొన్నారు. అది ఏ ఉద్యమపు సంవత్సరమో అని పండితులు తలలు బద్దలు కొట్టుకొననక్కరలేదు. వారు సమావేశమైన భావనగరులోని ఇంటి నెంబరది. గులాం మహమ్మద్ షేక్, జెరాం పటేల్, హిమ్మత్ షా వంటివారి సరసన మద్రాసులో చదువుకొన్న మన రెడ్డెప్ప నాయుడు కూడ అందులో సభ్యుడు. ప్రధానమంత్రి నెహ్రూ ప్రారంభించినారు. రాయబారిగా ఢిల్లీకి తిరిగి వచ్చిన ఒక్తావియో పాజ్ పరిచయవాక్యాలు వ్రాసినాడు. పాశ్చాత్యుల అనుకరణను, గతవైభవపు నెమరువేతను రెండింటిని నిరాకరించిన ఆ బృందం మరొక ప్రదర్శన జరుపలేదు. ఒక్కసారి వెలిగిన దీపమే చాలకాలం దారి చూపినది.

1968లో ముల్క్ రాజ్ ఆనంద్ అధ్యక్షతన అకాడమీ మొదటి అంతర్జాతీయ త్రైవార్షిక ప్రదర్శన జరిపినది. మూడేండ్లు తిరిగేసరికి, 1971లో, అకాడమీ పరిపాలన తీరుపై స్వామినాథన్ వంటి చిత్రకారులే నిరసన తెలిపినారు. ప్రభుత్వం తెరచిన ద్వారానికి తాళపుచెవి ఎవరి చేతిలో ఉండవలెనన్నది ఆ వివాదపు సారం. అది న్యాయమైన ప్రశ్న. నేటికిని ముగియలేదు.

ఆదివారం ఉదయం జయపురభవనానికి కేటాయించుట మంచిది. సోమవారం అది మూసియుండును. ఇండియా గేట్ చుట్టూ సంస్థానాధీశులు కట్టించుకొన్న మందిరాలలో ఇదొకటి. 1936నాటిది. ధూమీమల్ చిత్రశాల వయస్సూ, ఈ రాజమందిరం వయస్సూ ఒక్కటే కావడం గమనింపదగినది. 1954 మార్చి 29న ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్, నెహ్రూ సమక్షమున, ఇక్కడ జాతీయ ఆధునిక కళాసంగ్రహాలయాన్ని ప్రారంభించినారు. మొదటి సంరక్షకుడు హెర్మన్ గోయెట్జ్ అనే జర్మను పండితుడు. అంతకుముందు బరోడా మ్యూజియంను తీర్చిదిద్దినవాడు. ప్రారంభోత్సవాన శిల్పప్రదర్శన జరిగినది. ఆవరణలో నేడును కనిపించే 'శ్రమ విజయం' రాయ్ చౌదరి చేతిపని. బండరాతిని కదలించే నలుగురు శ్రామికులు. మద్రాసు మెరీనా తీరాన ఇదే శిల్పాన్ని చూచిన తెలుగువారికి అది పాత చుట్టము వలె తోచును. మహారాజు నివాసపు వాకిట కూలివాని దేహం నిలిచినదంటే కాలం మారినదని వేరుగా చెప్పనక్కరలేదు.

లోపల అమృతా షేర్‌గిల్ గదుల ఎదుట అడుగులు నెమ్మదించును. ఆమె 1913లో బుడాపెస్టులో పుట్టి, పారిసులో చదివి, అజంతాను, దక్షిణ దేశాన్ని చూచి వచ్చి, 1937లో 'పెండ్లికూతురి అలంకరణ' వంటి చిత్రాలు వేసినది. లాహోరులో తన ప్రదర్శన ఇక జరుగునన్న తరుణాన 1941 డిసెంబరు 5న కన్నుమూసినది. ఆమె భర్త, తండ్రి ఇచ్చిన చిత్రాలే ఈ సంగ్రహాలయానికి బీజధనం. ఇక్కడ నాకు రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు జ్ఞప్తికి వచ్చినాడు. 1897లో పుట్టి 1925లో మశూచి వాతపడిన ఆయన కూడ ఆమెవలెనే ముప్పది ఏండ్లు చూడలేదు. ఆయన చిత్రాలను భార్య సత్యవాణి, మిత్రులు కాపాడబట్టి గోదావరి గట్టున ఆయన పేర చిత్రశాల నిలిచినది. బొమ్మ వేసినవాడు పోయిన పిమ్మట దానిని బ్రతికించేది ఒక గోడ, ఒక తాళపుచెవి, దానిని ప్రతి ఉదయం త్రిప్పే ఒక చేయి.

ఆదివారం సాయంకాలం నగరపు దక్షిణ భాగానికి పోతే నేటి కాలం ఎదురగును. డిఫెన్స్ కాలనీలో 1987 నుండి వధేరా చిత్రశాల ఉన్నది. 2010లో కిరణ్ నాడార్ మ్యూజియం ఏర్పడినది. కుతుబ్ మీనారుకు చేరువలోని లాడో సరాయ్ అనే పాత పల్లెలో ఒక దశలో వరుసగా చిత్రశాలలు తెరచినారు. ధనం వచ్చినది. 1954లో ఢిల్లీకి వచ్చిన ఒక విదేశీ వైద్యుడు హుస్సేన్ వేసిన 'గ్రామయాత్ర'ను సంపాదించి నార్వే తీసుకొనిపోగా, అది 2025 మార్చిలో న్యూయార్కు వేలంలో కోటి ముప్పదియేడు లక్షల డాలర్లకు పైగా పలికినది. శిల్పిచక్రపు కాందిశీకులు వింటే నవ్వుదురో, ఏడ్తురో చెప్పజాలము.

ధర పెరుగుట తప్పు కాదు. చిత్రకారుడు పస్తులుండవలెనని ఎవరును కోరరు. కాని ధర పెరిగినకొలది బొమ్మకు మరల యజమాని బలపడును. గోడ మరల ఎత్తగును. అట్టి వేళ ఈ నగరంలో ద్వారం ఎవరు తెరచినారో జ్ఞాపకం చేసికొనుట అవసరం. కాగితాల వర్తకుడు, ఇల్లు పోయిన ఉపాధ్యాయుడు, కాఫీ హోటలు మీద గది అద్దెకు తీసుకొన్న నర్తకి. వారు తెరచిన పిమ్మట ప్రభుత్వం వచ్చి దానిని విశాలం చేసినది. వారెవ్వరును చూడవచ్చినవాని కులమడుగలేదు, చదువడుగలేదు.

త్రివేణి గుమ్మంలో ఆగిన ఆ తండ్రి తుదకు లోపలికి వచ్చినాడు. తండ్రీకూతుళ్లు ఒక నీలిరంగు చిత్రం ముందు చాలసేపు నిలిచినారు. అది నీరని పాప, ఆకాశమని తండ్రి వాదించుకొన్నారు. చిత్రకారుడు దానికి ఏ పేరూ పెట్టలేదు. వారు వెళ్లునప్పుడు పాప కావలివానిని, "రేపు కూడ తెరచియుంటుందా?" అని అడిగినది. ఉంటుందని అతడు చెప్పినాడు. ఆ మాట నిలబెట్టవలసిన బాధ్యత అతని ఒక్కనిదే కాదు.