ఎఱ్ఱ కోటు: దాని చరిత్ర, దాని సంరక్షణ

1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపముననున్న చందుర్తి యొద్ద ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని యుద్ధము జరిగెను. ఇంగ్లీషు సేనకు కర్నల్ ఫోర్డు, ఫ్రెంచి సేనకు కాన్‌ఫ్లాన్స్ నాయకులు. విజయనగర ప్రభువైన ఆనంద గజపతిరాజు ఫోర్డు పక్షమున నుండెను. ఫోర్డు బెంగాలునుండి తెచ్చిన సిపాయిలు ఎఱ్ఱ కోటులు తొడిగియుండిరి. ఫ్రెంచివారు అంతకుముందు దక్షిణదేశమున చూచిన సిపాయిలు తమ తెల్లని దేశీయ దుస్తులతోనే యుద్ధమునకు వచ్చెడివారు. అందుచే ఎఱ్ఱ కోటులు కనబడినచోటనే తెల్లవారి పటాలమున్నదని భ్రమించి, ఫ్రెంచి సైనికులు ఆ సిపాయిలపై బడిరి. నిజమైన ఇంగ్లీషు పటాలము ఎత్తుగా పెరిగిన పైరు చాటున నుండెను. అది వెలుపలికి వచ్చి వారి ప్రక్కను దెబ్బతీసెను. తుపాకులతోపాటు ఒక రంగుకూడ ఆనాటి జయాపజయములను నిర్ణయించినది.

పిమ్మట ఫోర్డు ఏలూరు మీదుగా బందరునకు వచ్చి కోటను ముట్టడించెను. ఆ కోట చుట్టును బురదనేలలు. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి, శత్రువు దృష్టి మరల్చుటకై కొందరు సిపాయిలు ఆ బురదలో నడచి ఒక ప్రక్కను పోరుచుండగా, ముఖ్యసేన మరియొక ప్రక్కను కోటలో ప్రవేశించెను. మరునాటికి బందరు ఇంగ్లీషువారి వశమయ్యెను.

చందుర్తిలో శత్రువును మోసగించిన ఆ ఎఱుపు ఎట్టిది? ఆ కాలపు సైనికుల కోటు దట్టమైన ఉన్నిబట్టతో కుట్టబడెడిది. ఇంగ్లీషు సేనలో సామాన్య సైనికుని కోటునకు మంజిష్ఠ జాతికి చెందిన మాడర్ అను మొక్క వేరునుండి తీసిన రంగు వేయుచుండిరి. అధికారుల కోటులకు కాచినీల్ అను పురుగునుండి తీసిన మరింత మెఱుపుగల ఎఱుపు వాడుచుండిరి. మాడర్ వేరులోని ముఖ్యమైన రంగు పదార్థము అలిజరిన్. ఇది మన తీరమునకు క్రొత్తది కాదు. బందరు అద్దకమువారు వాడిన చిరివేరులోను ఈ అలిజరినే యున్నది. 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగశాలలో తయారుచేసిరి. ఆ పిమ్మట వేరులతో పని తగ్గిపోయెను.

చిరివేరు రంగు ఒంటరిగా బట్టను గట్టిగా పట్టుకొనదు. బట్టకు ముందుగా పటిక పట్టించినచో ఎఱుపు వచ్చును. పటికకు బదులు ఇనుప లవణమైనచో అదే వేరు ఊదా రంగు నిచ్చును. బందరు, పెడనల కలంకారీ పనివారు దీనిని అనుభవముచే ఎరిగినవారే. కాచినీల్ రంగునకు తగరపు లవణము చేరినప్పుడే మెఱుపుగల ఎఱుపు సిద్ధించును. కాబట్టి ఎఱ్ఱ కోటు వట్టి బట్ట కాదు. ఉన్ని, రంగు, లోహ లవణము కలిసిన రసాయన పదార్థము. దానిని శుభ్రపరుచువారు ఈ సంగతి మరువరాదు.

1885లో సూడానునందలి గిన్నిస్ యుద్ధము తరువాత బ్రిటిషు పదాతిదళము ఎఱ్ఱ కోటులతో పోరాడుట మానినది. యుద్ధమునకు ఖాకీ వచ్చెను. ఎఱుపు ఉత్సవములకు ధరించు లాంఛన దుస్తులకు పరిమితమయ్యెను. అట్టి దుస్తులు పెట్టెలలోను ప్రదర్శనశాలలలోను దాచబడుచున్నవి. వాని శత్రువులు నాలుగు: నీరు, తేమ, పురుగు, తొందరపాటు.

ఉన్నిపోగు మీద చేప పొలుసుల వంటి పొలుసులుండును. వేడినీటిలో నలిపినచో అవి ఒకదానితో నొకటి చిక్కుకొని బట్ట కుదించుకొనిపోవును. సబ్బులోను చాకలి సోడాలోను క్షారగుణమున్నందున మెఱుపుగల ఎఱుపు ఊదా ఛాయకు తిరుగును. అందుచే బురద అంటినచో తడిపి రుద్దక, పూర్తిగా ఆరనిచ్చి మెత్తని కుంచెతో దులుపుట మంచిది.

జరీ అంచుతో మరియొక చిక్కు గలదు. దానిలో పట్టుదారముచుట్టు బంగారుపూత గల వెండితీగ చుట్టబడియుండును. ఉన్నిలో గంధకమున్నది. గాలిలోని గంధక వాయువులుకూడ సోకినచో వెండి నల్లబడును. దానిని చింతపండుతో తోమినచో బంగారుపూత ఊడిపోవును, పులుపు బట్టలో దిగును. ఇత్తడి బొత్తములను మెరుగుపెట్టుటకు సైనికులొక చిన్న ఉపాయము చేయుచుండిరి. చీలికగల రేకును బొత్తము క్రింద దూర్చి, పిమ్మట తోమెడివారు. మెరుగు మందు బట్టకు అంటెడిది కాదు.

ఏలూరునకును బందరునకును నడుమ, కొల్లేటికి దక్షిణమున నున్న ముదినేపల్లి వంటి డెల్టా గ్రామములలో వానకాలపు తేమ ఎక్కువ. తేమ నిలిచినచో బూజు పట్టును. చీకటిపెట్టెలో ఉన్ని చిమ్మట గ్రుడ్లు పెట్టును. వాని పిల్లపురుగులు ఉన్నిలోని కెరటిన్ అను మాంసకృత్తును జీర్ణించుకొనగలవు. చెమట మరకలున్న మెడపట్టీ, చంకల భాగములు వానికి మరింత ఇష్టము. కావున పొడిదినములలో దుస్తులను నీడన గాలికి ఆరవేసి, మడతలు విప్పి చూడవలెను. ఎండలో వేసినచో రంగు వెలిసిపోవును. కలరా ఉండలు వాడినను బట్టకు తగులనీయరాదు.

చిరుగును బాగుచేయుట అన్నిటికంటె కష్టము. కొత్తగా కనబడవలెనని పాతబట్టను కత్తిరించి గట్టిదారముతో బిగించుట పొరపాటు. దారము బట్టకంటె బలమైనదైనచో, లాగుడు వచ్చినప్పుడు తెగునది బట్టయే. చిరుగు వెనుక మెత్తని బట్ట నుంచి, సన్నని దారముతో వదులుగా కుట్టవలెను. ఆ కుట్టు తరువాతివారు విప్పివేయుటకు వీలుగా నుండవలెను. కుట్టుటకు ముందు ఛాయాచిత్రము తీసి, ఏమి చేసినది వ్రాసియుంచుట ఉత్తమము.

చందుర్తి యుద్ధమును గ్రంథములు చెప్పగలవు. ఆనాటి ఎఱుపు ఏ వేరునుండి వచ్చినది, ఏ లవణముతో నిలిచినది, దానిని తొడిగినవాడు ఏ బురదలో నడచినాడు అనునవి బట్టయే చెప్పవలెను. శుభ్రత పేరిట ఆ సాక్ష్యమును కడిగివేసినచో, అది తిరిగి ఏ ప్రయోగశాలలోను తయారు కాదు.