టికెట్ ఎవరు కొన్నారు?

మఫ్రఖ్ అంటే అరబ్బీలో దారులు చీలే చోటు. అబుధాబీ ద్వీపం దాటి ఇవతలికి వచ్చాక ఒక రోడ్డు దుబాయ్ వైపు, ఒకటి అల్ ఐన్ వైపు, ఇంకొకటి పడమట సౌదీ సరిహద్దులోని ఘువైఫాత్ వైపు పోతాయి. ఆ చుట్టుపక్కల పనివాళ్ల కాంపులు, కొంచెం అవతల ముసఫ్ఫా షెడ్లు. అక్కడి కాంట్రాక్టింగ్ కంపెనీ ఒకదాంట్లో, అడ్మిన్ సెక్షన్లో, కొన్నేళ్లు పనిచేశాను. ట్రావెల్ పాలసీ తయారు చెయ్యడం నా పనుల్లో ఒకటి. పాలసీ అంటే పెద్దగా ఏం లేదు, ఒక పట్టిక. డైరెక్టర్లకు బిజినెస్ క్లాసు. ఇంజనీర్లకు ఏడాదికోసారి ఎకానమీ. పనివాళ్లకు రెండేళ్లకోసారి ఎకానమీ, అదీ ఆ రోజు దొరికే అతి చవక ధరకి.

ఈ పట్టికకి మూలం ఎక్కడుందా అని వెతికితే విమానాల కంటే ముందు ఓడలు తగిలాయి.

కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి రంగూన్ వెళ్లిన మనవాళ్లది డెక్కు క్లాసు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో గదులు దొరలకీ షావుకార్లకీ. మిగతావాళ్లకి పడక లేదు, నంబరు లేదు, చాప పరుచుకున్నంత మేర సొంతం. బర్మాలో మనవాళ్లని ‘కోరంగీలు’ అనేవారు, గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరు మీద. చాలామందికి ఆ టికెట్ కొనిపెట్టింది మేస్త్రీ. అది అడ్వాన్సు కింద లెక్క, తర్వాత కూలిలోంచి కోత. టికెట్ డబ్బు తీరేదాకా మనిషి మేస్త్రీ చేతిలోనే. క్లాసు ఏదన్నది ఓడ కంపెనీ చెప్పేది గానీ, ఎప్పుడు తిరిగి రావాలన్నది టికెట్ కొన్నవాడు చెప్పేవాడు. ఈ రెండో సంగతే నాకు ముఖ్యంగా తోస్తుంది.

అదే కంపెనీ ఓడలు బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకీ తిరిగాయి. వాటిలో ‘దారా’ అనే ఓడ 1961 ఏప్రిల్ 8న దుబాయ్ దగ్గర సముద్రంలో పేలిపోయి 238 మంది చనిపోయారు. ఆ దారిలో చివరిగా మిగిలిన ‘ద్వారక’ 1982లో ఆగిపోయింది. అప్పటికి విమానమే అసలు దారి అయిపోయింది.

విమానాల్లో క్లాసుల కథ వేరుగా నడిచింది. టికెట్ ధరలన్నీ విమాన కంపెనీల సంఘం ఐఏటీఏ సమావేశాల్లో కూర్చుని తేల్చేవారు. అట్లాంటిక్ మీద టూరిస్ట్ క్లాసు 1952లో, దానికంటే చవకైన ఎకానమీ 1958లో వచ్చాయి. ఎకానమీవాడికి చల్లని, సాదా సాండ్‌విచ్ మాత్రమే పెట్టాలని నియమం. యూరప్ కంపెనీలు కొన్ని రొట్టె ముక్క మీద మాంసం, జున్ను, చేపలు పేర్చి ఇదీ సాండ్‌విచ్చే అన్నాయి. అమెరికా కంపెనీలు ఫిర్యాదు చేశాయి. సాండ్‌విచ్ అంటే ఏమిటో తేల్చడానికి పెద్దమనుషులు పంచాయతీ పెట్టుకున్నారు, నిజంగానే.

1970లలో రాయితీ టికెట్లు వెల్లువెత్తాయి. ఎకానమీలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు పూర్తి ధర పెట్టినవాడు, ఒకరు నెలల ముందే సగం ధరకి కొన్నవాడు. పూర్తి ధర పెట్టినవాడు సాధారణంగా కంపెనీ ఖర్చు మీద తిరిగే ఉద్యోగి. సీటు కోసం కాదు, తేదీ ఎప్పుడైనా మార్చుకునే వీలు కోసం అంత ధర. అతణ్ణి పోగొట్టుకోకూడదని ముందు వేరే వరసలు, తర్వాత వేరే కుర్చీలు, తర్వాత వేరే తెర. 1979లో క్వాంటాస్ దానికి బిజినెస్ క్లాస్ అని పేరు పెట్టింది. అంటే ఆ క్లాసుని పుట్టించింది మెత్తటి కుర్చీ కాదు, టికెట్ వెనక ఉన్న షరతు.

ఇది తెలిశాక నా పట్టిక నాకు వేరేగా కనిపించింది. ఇంజనీరుదీ ఎకానమీయే, మేసన్‌దీ ఎకానమీయే. కానీ ఇంజనీరు టికెట్ తేదీ మార్చొచ్చు. మేసన్ టికెట్ మార్చడానికి లేదు, డబ్బు వెనక్కి రాదు. 2005 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు మొదటి విమానం తిరువనంతపురం నుంచి అబుధాబీకే వచ్చింది. అందులో ఉన్నది ఒక్కటే క్లాసు, తెర లేదు. తేడా అంతా టికెట్ మీద చిన్నక్షరాల్లో ఉంటుంది.

ఆ చిన్నక్షరాలు బయటపడేది ఊళ్లో చావు కబురు వచ్చినప్పుడు. సెలవు పై నెలకి ఉంటుంది, టికెట్ కొనేసి ఉంటుంది, తండ్రి ఇవాళ పోయాడు. కొత్త టికెట్ ధర రెండు నెలల జీతం. అందుకని పాలసీలో ఒక వాక్యం చేర్చాను: దగ్గరివాళ్లు చనిపోతే తేదీ మార్పు ఖర్చు, లేదా కొత్త టికెట్ ఖర్చు కంపెనీది. ఫైనాన్స్ ఆయన మంచివాడే, రూపాయి రూపాయి లెక్క చూడటం ఆయన పని. “ఏడాదికి ఎన్ని అనుకోమంటారు?” అని అడిగాడు. పాత సెలవు చీటీలు తిరగేసి ఒక అంకె ఇచ్చాను. తల్లిదండ్రులు, భార్య, పిల్లలు ఉన్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కొట్టేశారు. జగిత్యాల నుంచి వచ్చిన మనిషికి, తండ్రి లేని ఇంట్లో, అన్న అంటే ఏమిటో ఆ పట్టికలో ఏ గడిలో రాయాలో నాకు తోచలేదు.

మన ప్రభుత్వ పట్టిక కూడా ఇలాంటిదే. ఏడో వేతన సంఘం తర్వాతి నిబంధనల ప్రకారం 14వ లెవెల్, ఆ పైవాళ్లకు బిజినెస్ క్లాసు, 6 నుంచి 13 దాకా ఎకానమీ, 5, అంతకు కిందివాళ్లకు రైలు. పైవాళ్లు ఎకానమీలో కూర్చోవాలని 2009లో పొదుపు పాట పాడితే, అప్పటి మంత్రి శశి థరూర్ ట్విట్టర్లో దాన్ని పశువుల క్లాసు అన్నాడు. దేశమంతా క్లాసు గురించి వాదించుకుంది. షరతుల గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఎమిరేట్స్ కార్మిక చట్టం, 2021 నాటి 33వ నంబరుది, తిరుగు ప్రయాణం ఖర్చు యజమానిదే అంటుంది. కార్మికుడు వేరే ఉద్యోగంలో చేరినా, తన వల్లే పని పోయినా తప్ప. ఎక్కడికి పంపాలి? పనిలోకి తీసుకున్న చోటికి, లేదా ఇద్దరూ ఒప్పుకున్న చోటికి. మా పట్టికలో ఆ చోటు శంషాబాద్ అని రాశాం. అక్కణ్ణుంచి జగిత్యాల బస్సు చార్జీ మనిషి సొంతం.