శల్య సారథ్యం



భారతంలో శల్యుని ఘట్టం పాఠంగా చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడిగేవారు: "మాస్టారూ, శల్యుడికి రథం తోలడం రాదా?" రాకపోవడమేమిటి! సారథ్యంలో శ్రీకృష్ణునికి సాటి రాగలవాడనే గదా దుర్యోధనుడు అంతగా బతిమాలి అతణ్ణి కర్ణుని రథమెక్కించినది. లోపం అతని విద్యలో లేదు. ఆ సారథి ఆ రథానికి తగినవాడు కాకపోవడంలో ఉన్నది. పిల్లలకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో గాని, దాని లోతు నాకు తెలిసివచ్చినది 2004లో, మా ఇంటి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు. నాటి శల్యుని పేరు డిస్‌ప్లే డ్రైవరు.

మా నాన్నగారు పద్యాలు వ్రాసేవారు. ఏ పత్రికకూ పంపలేదు. ఆయన పోయిన తరువాత చెదలు తినగా మిగిలిన రెండు నోటుపుస్తకాలలో మూడువందలకు పైగా పద్యాలు దొరికాయి. 2003 వేసవి సెలవులలో విండోస్ ఎక్స్‌పీలో తెలుగు కనబడేలా చేయించుకొని, ఇన్‌స్క్రిప్టు మీటల అమరిక నేర్చుకొని, గౌతమి ఖతిలో రోజుకు నాలుగైదు పద్యాల చొప్పున ఎక్కించాను. కాగితం ఎంత జీర్ణమైపోయినదంటే, తిరగేసిన పుట తిరగేసినట్లే చేతిలో పొడి అయ్యేది. ఎక్కించినంత మేరకు మూలం పోయినట్లే. మిగిలినది కంప్యూటరులోని ప్రతి ఒక్కటే. ఆ పద్యాలన్నీ కలిపినా ఒక ఫ్లాపీలో సగం నిండవు. అయినా నకలు తీసిపెట్టుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

అక్షరాలు ఇంకా స్పష్టంగా కనబడతాయని ఎవరో చెప్పగా, నెట్ సెంటరుకు వెళ్లి కొత్త డిస్‌ప్లే డ్రైవరు సీడీలో వ్రాయించుకొని తెచ్చాను. మా యంత్రంలోని చిప్పు పేరుకూ ఆ డ్రైవరు పేరుకూ చివర ఒక్క అక్షరమే తేడా. దీర్ఘం మరచిన పిల్లవాడి కాగితం మీద ఎర్రసిరాతో సున్న చుట్టే వృత్తి నాది! ఆ తేడాను నేను గమనించలేదు. విండోస్ మాత్రం గమనించింది. ఈ డ్రైవరు మీ పరికరానికి సరిపోతుందని నిర్ధారించలేకపోతున్నాను, వద్దు అని హెచ్చరించింది. నేను "అయినా కానిమ్ము" అన్న అర్థం వచ్చే మీటనే నొక్కాను. మరల మొదలుపెట్టగానే సంకేతపదం అడిగింది, ఇచ్చాను, కొన్ని క్షణాలకు నీలితెర పడింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. కూడలిలోని మరమ్మతు దుకాణం కుర్రవాడు వచ్చి చూసి, "ఫార్మాట్ కొట్టేయాలండీ" అన్నాడు. సి డ్రైవు తుడిచివేయడమన్నమాట. పద్యాలున్నది అందులోనే.

ఇక్కడ కొంచెం ఆగి, ఒక చిన్న సహాయక ప్రోగ్రాముకు యంత్రాన్నంతటినీ కూల్చే శక్తి ఎలా వచ్చినదో చెప్పుకోవాలి. అది ఒక్కనాటి సంగతి కాదు.

తొలినాళ్లలో ఏ సాఫ్ట్‌వేరుకు కావలసిన డ్రైవర్లను ఆ సాఫ్ట్‌వేరే మోసుకొనివచ్చేది. వర్డ్‌స్టార్ వాడేవారు ప్రింటరును వర్డ్‌స్టారుకే పరిచయం చేయాలి. మరొక ప్రోగ్రాముకు మళ్లీ మొదటినుంచి పరిచయం. 1983లో వచ్చిన ఎంఎస్-డాస్ 2.0 ఈ విషయంలో మలుపు. కాన్ఫిగ్.సిస్ అనే ఫైలులో ఒక పంక్తి చేర్చితే చాలు, కొత్త పరికరపు డ్రైవరు వ్యవస్థలో భాగమయ్యేది. అయితే పరికరాల మధ్య తగవులు తీర్చే బాధ్యత మాత్రం మనిషిదే. ప్రింటరు పోర్టు ఏడవ నంబరు అంతరాయరేఖను వాడుతుండగా, సౌండు కార్డునూ అదే రేఖపై పెడితే రెండూ పేచీ పడేవి. కార్డు మీది చిన్న జంపర్లను గోటితో పీకి మార్చినవారు మన చదువరులలో ఉండే ఉంటారు.

1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 ఆ భారాన్ని తాను తలకెత్తుకుంది. పరికరం తగిలిస్తే చాలు, తానే గుర్తుపట్టి డ్రైవరును పెట్టుకుంటుందన్నారు. డివైస్ మేనేజరూ సేఫ్ మోడూ మనకు పరిచయమైనది దానితోనే. మాట గొప్పదే, ఆచరణ అంత సులువు కాదు. 1998 ఏప్రిల్ 20న షికాగోలో విండోస్ 98ను ప్రదర్శిస్తూ, బిల్ గేట్స్ పక్కనుండగానే స్కానరును తగిలించారు. నిండుసభలో నీలితెర పడింది. ఇందుకే గదా దీన్నింకా విడుదల చేయలేదని గేట్స్ నవ్వి సర్దుకున్నారు.

నవ్వుకు అందని లోపలి కారణం వేరు. ఇంటెల్ తన 80286 ప్రాసెసరులో, 1982లోనే, నాలుగు అధికార వలయాలను ఏర్పరచింది. విండోస్ ఎన్‌టీ వాటిలో రెండింటినే వాడుకుంది. మన ప్రోగ్రాములు బయటి ప్రాకారంలో తిరుగుతాయి. వ్యవస్థ హృదయమైన కెర్నెల్ గర్భగుడిలో ఉంటుంది. పరికరాలతో నేరుగా మాట్లాడాలి గనుక డ్రైవర్లలో అధికభాగం గర్భగుడిలోకి పోవలసినవే. 1996లో వచ్చిన ఎన్‌టీ 4.0లో, వేగం కోసం, తెరపై బొమ్మలు గీసే భాగాన్ని కూడా లోపలికి చేర్చారు. బయట ఒక ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే మూతపడుతుంది. లోపలివాడు తప్పు చేస్తే వారించేవారు లేరు. తనది కాని జ్ఞాపకస్థానాన్ని ముట్టుకున్నాడని తెలియగానే, డిస్కులోని సమాచారం చెడకుండా, వ్యవస్థ తనంతట తాను నిలిచిపోతుంది. అదే నీలితెర. నేను ఆ రోజు దానిని మరణశాసనమనుకున్నాను గాని, మా నాన్నగారి పద్యాలను అది కాపాడుతూ ఉన్నది.

ఈ జబ్బు ఎంత విస్తారమైనదో 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల పత్రం ఒకటి చెప్పింది: ఎక్స్‌పీలో అప్పటికి నమోదైన పతనాలలో 85 శాతానికి డ్రైవర్లే కారణమని. డ్రైవర్లు వ్రాసేవారు వందలాది కంపెనీలలో చెల్లాచెదురుగా ఉంటారు. కెర్నెల్ మర్మాలు వారందరికీ ఒక్కలాగే తెలియవు.

ఇక మా ఇంటికి వద్దాం. ఫార్మాట్‌కు ఒప్పుకోక రెండు రోజులు యంత్రానికి గుడ్డ కప్పి ఉంచాను. మూడవనాడు నా పాత శిష్యుడొకడు, హైదరాబాదులో ఉద్యోగం చేసుకునేవాడు, సెలవుకు వచ్చి పలకరించబోయి నా ముఖం చూసి ఆగాడు. సంగతి విని, "మాస్టారూ, రథం బాగానే ఉందండీ. సారథిని దించితే చాలు" అన్నాడు. నా పాఠం నాకే అప్పజెప్పాడు!

యంత్రం మేలుకొంటుండగా ఎఫ్8 మీటను పదేపదే నొక్కాడు. జాబితాలో "చివరిసారి సరిగా నడిచిన అమరిక" అన్నది చూపి, ఇది మనకిప్పుడు పనికిరాదన్నాడు. లోపలికి ప్రవేశం కుదిరిన ప్రతిసారీ ఆ నాటి అమరికనే మంచిదిగా వ్రాసుకుంటుందట. నేను మూడుసార్లు ప్రవేశించి ఆ తలుపును నా చేతులతోనే మూసుకున్నాను. తరువాత సేఫ్ మోడు. అందులో విండోస్ బయటివారి డిస్‌ప్లే డ్రైవరును పిలవదు; ఏ తెరకైనా సరిపోయే మామూలు వీజీఏ డ్రైవరుతో నెట్టుకొస్తుంది. అక్షరాలు లావుగా వచ్చాయి, నీలితెర మాత్రం రాలేదు. వాడు మొదట పద్యాల ఫైలును ఫ్లాపీలోకి ఎక్కించి నా చేతిలో పెట్టాడు. "ఇది అయ్యాకే మిగతాదండీ" అన్నాడు. నేను ఆ ఫ్లాపీని లాల్చీ జేబులో పెట్టుకొని, జేబు మీద చేయి వేసుకొని నిలబడ్డాను.

ఆ మీదట డివైస్ మేనేజరు తెరచి, డ్రైవరు పుటలో "రోల్‌బ్యాక్" నొక్కాడు. ఎక్స్‌పీతో 2001లో వచ్చిన సదుపాయమిది. కొత్త డ్రైవరు వచ్చేటప్పుడు పాతదానిని వ్యవస్థ దాచిపెడుతుంది, అడిగితే తిరిగి నిలబెడుతుంది. మరల మొదలుపెట్టాడు. యంత్రం నడిచింది. పట్టిన సమయం పావుగంట.

వెళ్లేముందు ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి పరికరానికీ హార్డ్‌వేర్ ఐడి ఉంటుంది. అందులో మొదటి నాలుగు అంకెలు తయారీదారువి, తరువాతి నాలుగు పరికరానివి. ఇంటెల్‌కు 8086, ఎన్విడియాకు 10డిఈ. "మన ఇంటిపేరూ పేరూ లాంటివండీ. పెట్టె మీది పేరు నమ్మకండి, ఇవి చూసుకోండి" అన్నాడు. ఇరవై ఏళ్లు దాటినా నేను ఈ నియమం తప్పలేదు.

తరువాత కాలంలో కాపలా పెరిగింది. డ్రైవరును నడపకుండానే దాని వ్రాతలో దోషాలు వెతికే పరికరాన్ని మైక్రోసాఫ్ట్ సిద్ధం చేసింది. దానికి ఆధారమైన స్లామ్ పరిశోధనను నడిపినవారు థామస్ బాల్, శ్రీరాం రాజమణి. 2007 జనవరిలో అందరికీ అందిన విస్టాలో తెర డ్రైవరును రెండు ముక్కలు చేసి ఒకదానిని బయటి ప్రాకారానికి పంపారు. తెర బిగుసుకుపోతే డ్రైవరును మాత్రమే లేపి కూర్చోబెట్టే ఏర్పాటు వచ్చింది. 64 బిట్ల విస్టాలో సంతకం లేని డ్రైవరుకు గర్భాలయ ప్రవేశం నిషేధించారు. విండోస్ 8 నుండి ఎఫ్8 మీట మామూలుగా పలకదు. షిఫ్ట్ మీటను అదిమిపట్టి రీస్టార్ట్ చేస్తే సేఫ్ మోడు దారి కనబడుతుంది.

ఇన్ని కాపలాల తరువాత 2024 జూలై 19న ఏమయినదో అందరమూ చూశాము. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతాసంస్థ డ్రైవరుకు సంతకమూ ఉన్నది, పరీక్షలూ అయినవి. అయితే అది చదువుకోవలసిన 291వ సంఖ్య ఫైలు ఒకటి మన కాలమానం ప్రకారం ఉదయం 9.39కి లోకమంతటికీ వెళ్లింది. ఇరవై విలువలు అందిన చోట డ్రైవరు ఇరవై ఒకటవ దానిని చదవబోయింది. ఒక్క మాత్ర తప్పిన ఛందోభంగం! దాదాపు 85 లక్షల యంత్రాలు నీలితెరతో నిలిచాయి. హైదరాబాదు విమానాశ్రయంలో కోల్‌కతా ప్రయాణికునికి చేతితో వ్రాసిన బోర్డింగు పాసు ఇచ్చారు. పరిష్కారమేమిటని చూస్తే, సేఫ్ మోడులోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసివేయడం. మా శిష్యుడు 2004లో పట్టిన దారే. తేడా ఏమంటే, ఎందరో నిపుణులు ఒక్కొక్క యంత్రం ముందూ కూర్చొని ఆ పని చేయవలసివచ్చింది.

నాన్నగారి పద్యాలు ఇప్పుడు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి. ఆ ఫ్లాపీని చదివే యంత్రం ఇంట్లో లేదు, అయినా దానిని పారవేయలేదు.

చివరగా ఒక సందేహం. డ్రైవరుకు మనవారు కొందరు "చోదకం" అన్నారు. సారథి అందామా అంటే శల్యుడు గుర్తుకువస్తాడు. యంత్రం భాషనూ పరికరం భాషనూ ఎరిగి మధ్య నిలిచేది గనుక "దుబాసి" అంటే పొసగుతుందేమోనని నాకు తోస్తున్నది. పెద్దలూ మిత్రులూ ఇంతకన్న మంచి మాట సూచిస్తే సంతోషిస్తాను.

స్వస్తి.