ఒకే చర్చ, వేర్వేరు ఓట్లు: చట్టసభలు పలు బిల్లులను కలిపి చేపట్టే పద్ధతి

ఒక బిల్లుపై చర్చ ముగించి, దానిపై నిర్ణయం తీసుకున్న తర్వాతే మరో బిల్లును చేపట్టడం చట్టసభల సాధారణ క్రమం. అయితే సమయాభావం వల్లనో, రాజకీయ సర్దుబాటు కోసమో సభలు కొన్నిసార్లు పలు బిల్లులను కలిపి చేపడతాయి. అలాంటప్పుడు చర్చ మాత్రమే ఉమ్మడిగా జరుగుతుందా, ఓటు కూడా ఉమ్మడిగా పడుతుందా అన్నది కీలకం. ఒక బిల్లును సమర్థిస్తూ మరొకదానిని వ్యతిరేకించే సభ్యుడి హక్కు, ఆ సభ్యుడు ఎటువైపు నిలిచాడో తెలుసుకునే ఓటరు హక్కు ఈ తేడాపైనే ఆధారపడి ఉంటాయి.

భారత పార్లమెంటులో ఉమ్మడి చర్చ

రాజ్యాంగంలోని 118వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయ సభలూ తమ కార్యవిధాన నియమాలను తామే రూపొందించుకుంటాయి. ఏ బిల్లుకు ఎంత సమయం కేటాయించాలో సభా వ్యవహారాల సలహా కమిటీ (బీఏసీ) సిఫారసు చేస్తుంది. లోక్‌సభ బీఏసీకి స్పీకర్ అధ్యక్షత వహిస్తారు; స్పీకర్‌తో కలిపి ఇందులో 15 మందికి మించి సభ్యులు ఉండరాదు.

పరస్పర సంబంధం ఉన్న బిల్లులపై ఉమ్మడి చర్చ జరపడం ఉభయ సభల్లోనూ ఆనవాయితీ. మంత్రి ఆయా బిల్లులను పరిశీలనకు స్వీకరించాలని ప్రతిపాదిస్తారు. సభ్యులు ఒకే ప్రసంగంలో అన్నింటిపైనా మాట్లాడతారు. చర్చ ముగిశాక మాత్రం దారులు వేరవుతాయి. ప్రతి బిల్లుకూ పరిశీలన తీర్మానం, క్లాజులు, సవరణలు, తుది ఆమోదం విడివిడిగా ఓటుకు వస్తాయి.

2023 డిసెంబరులో లోక్‌సభ జమ్మూకశ్మీర్‌కు చెందిన రెండు బిల్లులను ఇలాగే చేపట్టింది. ఒకటి రిజర్వేషన్ల చట్టంలోని వర్గాల పేరును ‘ఇతర వెనుకబడిన తరగతులు’గా మార్చేది, మరొకటి శాసనసభకు కశ్మీరీ వలసదారుల నుంచి ఇద్దరిని, పాక్ ఆక్రమిత కశ్మీర్ నుంచి నిర్వాసితులైన వారి నుంచి ఒకరిని నామినేట్ చేసేందుకు వీలు కల్పించేది. ప్రాంతం ఒకటే అయినా విషయాలు వేరు. డిసెంబరు 6న ఆ రెండింటికీ లోక్‌సభ ఆమోదం లభించింది.

ఆర్డినెన్స్ స్థానంలో బిల్లు వచ్చినప్పుడు మరో రకం కలయిక కనిపిస్తుంది. ఆర్డినెన్స్‌ను తిరస్కరించాలంటూ సభ్యులు ప్రతిపాదించే తీర్మానాన్ని, ప్రభుత్వ బిల్లును కలిపి చర్చిస్తారు. ఓటుకు మాత్రం ముందు తీర్మానం, ఆ తర్వాత బిల్లు వస్తాయి.

ఓటు విడిగా ఉన్నంత మాత్రాన వివాదం తప్పుతుందని చెప్పలేం. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభ రెండు వ్యవసాయ బిల్లులను కలిపి చర్చించింది. ప్రతిపక్ష సభ్యులు ఓట్ల లెక్కింపు కోరారు. గందరగోళం నడుమ రెండు బిల్లులూ మూజువాణి ఓటుతో ఆమోదం పొందాయి. మర్నాడు ఎనిమిది మంది సభ్యులు సస్పెండయ్యారు. మూజువాణి ఓటులో ఎవరు ఏ బిల్లును సమర్థించారో పేరుపేరునా నమోదు కాదు. వ్యవసాయ చట్టాలు మూడింటినీ 2021 నవంబరు 29న ఒకే రద్దు బిల్లు ద్వారా పార్లమెంటు ఉపసంహరించింది.

అమెరికాలో ఉమ్మడి నిబంధన

పొంతన లేని బిల్లులను ఒకే గొడుగు కిందికి తెచ్చే పద్ధతి అమెరికా ప్రతినిధుల సభలో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ప్రధాన బిల్లులు చర్చకు రావడానికి ముందు నిబంధనల కమిటీ ఒక ప్రత్యేక తీర్మానాన్ని రూపొందిస్తుంది. 13 మంది సభ్యుల ఈ కమిటీలో అధికార పక్షానికి తొమ్మిది, ప్రతిపక్షానికి నాలుగు స్థానాలుంటాయి. ఎంతసేపు చర్చించాలి, ఏ సవరణలను అనుమతించాలి అన్నవి ఆ తీర్మానమే నిర్ణయిస్తుంది. ఒకే తీర్మానం పలు బిల్లులకు వర్తించవచ్చు. అది వీగిపోతే దాని కింద ఉన్న బిల్లులేవీ ఆ మార్గంలో సభ ముందుకు రావు.

2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్, ఇజ్రాయెల్, ఇండో-పసిఫిక్ ప్రాంతాలకు సాయం అందించే మూడు బిల్లులను, టిక్‌టాక్‌కు సంబంధించిన నిబంధనలున్న నాలుగో బిల్లును ఒకే తీర్మానం ద్వారా చేపట్టారు. ఏప్రిల్ 19న ఆ తీర్మానం 316-94 ఓట్లతో నెగ్గింది. సాధారణంగా ఇలాంటి తీర్మానాన్ని వ్యతిరేకించే ప్రతిపక్షమే ఈసారి అధికార పక్షం కంటే ఎక్కువ ఓట్లు వేసింది.

మర్నాడు నాలుగు బిల్లులపై విడివిడిగా ఓటింగ్ జరిగింది. ఉక్రెయిన్ సాయానికి 311-112, ఇజ్రాయెల్ సాయానికి 366-58, ఇండో-పసిఫిక్ బిల్లుకు 385-34, టిక్‌టాక్ నిబంధనలున్న బిల్లుకు 360-58 ఓట్లు వచ్చాయి. ఉక్రెయిన్ బిల్లును వ్యతిరేకించిన 112 మందీ రిపబ్లికన్లే. అయినా తీర్మానంలో ముందే పొందుపరిచిన ఏర్పాటు ప్రకారం నాలుగింటినీ ఒకే పాఠంగా కూర్చి సెనేట్‌కు పంపారు. సుమారు 9,500 కోట్ల డాలర్ల ఆ ప్యాకేజీని సెనేట్ ఏప్రిల్ 23న 79-18 ఓట్లతో ఆమోదించింది. ప్రతినిధుల సభ సభ్యులకు దక్కిన విడి ఓటు, తుది ఆమోదంలో సెనేటర్లకు దక్కలేదు.

ఒకే బిల్లులో పలు విషయాలు

బిల్లులను కలిపి చర్చించడం వేరు. వేర్వేరు విషయాలను ఒకే బిల్లులో చేర్చడం వేరు. రెండో పద్ధతిలో సభ్యుడు మొత్తాన్ని అంగీకరించాలి, లేదా మొత్తాన్ని తిరస్కరించాలి. కెనడాలో 1982 మార్చిలో ఇంధన రంగానికి చెందిన ఇలాంటి బిల్లుపై ప్రతిపక్షం ఓటింగ్‌కు రాకపోవడంతో సభ గంటలు 15 రోజుల పాటు మోగుతూనే ఉన్నాయి. చివరకు ఆ బిల్లును విభజించారు. ఒక బిల్లులోని అంశాలను కలిపే ఉమ్మడి సూత్రం లేనప్పుడు, ఓటింగ్ కోసం వాటిని విడదీసే అధికారాన్ని కెనడా 2017లో స్పీకర్‌కు కల్పించింది. బడ్జెట్ అమలు బిల్లులకు, వాటిలోని అంశాలను బడ్జెట్‌లో ముందే ప్రకటించి ఉంటే, ఇది వర్తించదు. అమెరికాలోని చాలా రాష్ట్రాల రాజ్యాంగాలు ఒక బిల్లు ఒకే విషయానికి పరిమితం కావాలని నిర్దేశిస్తాయి.

భారత్‌లో 2017 ఆర్థిక బిల్లులో ట్రిబ్యునళ్ల సభ్యుల నియామకం, సర్వీసు షరతులకు సంబంధించిన అంశాలను చేర్చారు. ద్రవ్య బిల్లుగా ప్రవేశపెట్టినందున దానిపై రాజ్యసభ సిఫారసులు చేయగలదే తప్ప తిరస్కరించలేదు. ఆ చట్టం కింద రూపొందించిన ట్రిబ్యునళ్ల నియమాలను సుప్రీంకోర్టు 2019 నవంబరు 13న కొట్టివేసింది. ఆ అంశాలను ద్రవ్య బిల్లుగా ఆమోదించడం చెల్లుతుందా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

గమనించవలసిన అంశాలు

పలు బిల్లులు కలిసి సభ ముందుకు వచ్చినప్పుడు మూడు విషయాలు చూడాలి. మొదటిది, ప్రతి బిల్లుకూ, దాని సవరణలకూ విడిగా ఓటు ఉందా. రెండోది, ఆ ఓటు పేరుపేరునా నమోదైందా, మూజువాణితో ముగిసిందా. మూడోది, కేటాయించిన సమయం అన్ని బిల్లుల పరిశీలనకూ సరిపోయిందా. కలిపి చర్చించడం సభ సమయాన్ని ఆదా చేస్తుంది. విడి ఓటు, దాని నమోదు లేనప్పుడు మాత్రం ఏ చట్టానికి ఎవరు బాధ్యులో ఓటరుకు తెలియకుండా పోతుంది.