గ్రహణం మొర్రి: తప్పు తల్లిది కాదు.. ముందు బిడ్డకు పాలు పట్టాలి

నిమ్మనపల్లె: పెదవి చీలికతో బిడ్డ పుడితే ఇంట్లో ముందుగా బాలింతనే అడుగుతారు, ‘గ్రహణం నాడు బయటికి వచ్చావా? కత్తి పట్టావా?’ అని. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ ‘గహన్’ పట్టిందనే అంటారు. కానీ దీనికి గ్రహణంతో ఏ సంబంధమూ లేదు.

ఎందుకు వస్తుంది?

కడుపులో బిడ్డ పెదవి 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య తయారవుతాయి. రెండు వైపుల నుంచి పెరిగే భాగాలు మధ్యలో కలవకపోతే చీలిక మిగిలిపోతుంది. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిందనే తెలియదు. వంశపారంపర్యం, పొగాకు, అదుపులో లేని షుగర్, మూర్ఛకు వాడే కొన్ని మందులు కారణం కావచ్చు. చాలా కేసుల్లో కచ్చితమైన కారణం దొరకదు. ప్రపంచంలో సుమారు 700 మంది పిల్లల్లో ఒకరికి ఇలా జరుగుతుంది.

పాలు ఎలా పట్టాలి?

పెదవి మాత్రమే చీలితే చాలామంది పిల్లలు తల్లి రొమ్ము పట్టగలరు. అంగిలి చీలితే పాలు లాగే బలం చాలదు, ముక్కులోంచి కూడా వచ్చేస్తాయి. అప్పుడు తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతోనో స్పూన్‌తోనో కొంచెం కొంచెంగా పట్టాలి. బిడ్డ తల పైకి ఉండాలి, పడుకోబెట్టి పట్టకూడదు. మధ్యమధ్యలో భుజాన వేసుకుని తేన్పు తెప్పించాలి. వారం వారం బరువు చూపించాలి. బరువు పెరగకపోతే ఆపరేషన్ కూడా వెనక్కి పోతుంది.

బయటికి పెదవి బాగానే కనిపించినా లోపల అంగిలి చీలి ఉండొచ్చు. అందుకే పుట్టగానే టార్చి వేసి నోరు చూడమని డాక్టర్‌ను అడగాలి.

ఆపరేషన్ ఎప్పుడు?

పెదవికి సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య చేస్తారు. బరువు సుమారు 4.5 కిలోలు, రక్తంలో హిమోగ్లోబిన్ 10 ఉండాలని చూస్తారు. అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు. ఇది ఆలస్యమైతే మాట ముక్కుతో వచ్చే అలవాటు పడిపోతుంది. ఆపరేషన్‌తో పని అయిపోదు. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గొచ్చు కాబట్టి చెవి పరీక్ష, కొందరికి స్పీచ్ థెరపీ, తర్వాత పళ్ల వైద్యం కావాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు ఆశా కార్యకర్తకో, పీహెచ్‌సీ డాక్టర్‌కో చెప్పాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే ఈ లోపం కూడా ఉంది. తిరుపతిలో టీటీడీ బర్డ్ ఆసుపత్రిలో స్మైల్ ట్రైన్ సంస్థ తోడ్పాటుతో ఉచిత ఆపరేషన్ల కేంద్రం 2022లో ప్రారంభమైంది. వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, బిడ్డ డిశ్చార్జి కాగితాలు దగ్గర ఉంచుకోవాలి.

నలుగురూ చూస్తారని బిడ్డను ఇంట్లోనే దాచితే పోయేది ఆపరేషన్‌కు సరైన సమయమే.