ఒరవడి : ఉత్తర తెలంగాణ ప్రాథమిక పాఠశాలలలో చేవ్రాత ప్రమాణముల చరిత్ర

పాఠశాలలో బాలుని వ్రాతను చూచి గురువు 'బాగున్న'దని మెచ్చుకొనునప్పుడు ఆ మెప్పు దేనికి చెందినదో విచారింపవలసియున్నది. అక్షరము సులభముగా చదువవచ్చుచున్నదనియా? ఒరవడికి సరిగా దిగినదనియా? కాగితము మరకలు లేక శుభ్రముగా నున్నదనియా? లేక వ్రాసిన విషయము సరియైనదనియా? ఈ నాలుగును వేర్వేరు గుణములు. వీనిని ఒక్క మాటలో కలిపివేయుట మన పాఠశాలలకు అలవాటైనది. ఆ కలగాపులగము ఎట్లు కలిగెనో, దానివలన ఎవరికి నష్టము వాటిల్లుచున్నదో కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల చరిత్ర ఆధారముగా ఈ వ్యాసమున పరిశీలింపదలచినాము. 2016వ సంవత్సరమున ఈ రెండు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విభక్తములైనవి. ఇచట మేము ఆ పేర్లను పూర్వపు సరిహద్దులనుబట్టియే వాడుచున్నాము.

అక్షరమునందలి శ్రద్ధ ఈ సీమకు క్రొత్తది గాదు. గంగాధర సమీపమున కుర్క్యాల బొమ్మలమ్మగుట్టపై పంపకవి సోదరుడైన జినవల్లభుడు పదవ శతాబ్దిలో చెక్కించిన శాసనము సుప్రసిద్ధము. అందు సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడును గలవు. తెలుగు కందపద్యములు అందు శిలపై నిలిచినవి. భాషలు మూడైనను అక్షరముల తీరు ఒక్కటే. తెలుగు కన్నడములకు నాడు లిపి ఉమ్మడిగా నుండెను. ఒక లిపితో మూడు భాషలను వ్రాసిన ఈ సీమలోనే, వేయేండ్ల తరువాత ఒక్క బాలుడు మూడు లిపులతో తంటాలు పడవలసి వచ్చినది. ఈ వ్యాసమునకు ఆయువుపట్టు ఈ విపర్యయమే.

వీధిబడినాటి పద్ధతిని ముందుగా చూతము. బాలుడు నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దెడివాడు. పంతులు వ్రాసిన అక్షరముపైననే పదేపదే వ్రేలు త్రిప్పుట ఇందలి విధానము. పిమ్మట పలక, బలపము. ఆపైని తాటియాకు, గంటము, లేదా కాగితము, కలము. పలక పైవరుసలో పంతులు వ్రాసియిచ్చు పంక్తికి 'మేలుబంతి' యనియు, 'ఒరవడి' యనియు పేర్లు. ఈ రెండు మాటలును కాలక్రమమున ఆదర్శము, మాదిరి యను విశాలార్థమును పొందుట గమనింపదగినది. మంచి నడవడికి మేలుబంతి యనునప్పుడు మనము తెలియకయే పలకను తలచుకొనుచున్నాము.

ఇసుకకు ఒక సుగుణము కలదు. అందు తప్పు నిలువదు. అరచేతితో ఒక్కసారి సవరించినచో మరల క్రొత్తనేలయే. కొట్టివేత లేదు, మరక లేదు, తప్పునకు సాక్ష్యము లేదు. ఈ పద్ధతి సముద్రములు దాటి పోయినది. మద్రాసులో అనాథ బాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ దేశీయ బడులలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి దానిని తన పాఠశాలలో ప్రవేశపెట్టెను. 1797లో లండనులో ఆయన ప్రకటించిన గ్రంథము మూలమున ఇసుకపళ్లెము ఇంగ్లండు పాఠశాలలకును చేరినది. ఇరువదవ శతాబ్దిలో మాంటిస్సోరి గరుకుకాగితపు అక్షరములను పిల్లలచే వ్రేలితో తడిమించుటయు ఈ తెరగునకు చెందినదే. కన్ను కంటె ముందుగా వ్రేలికి అక్షరము నేర్పవలెనన్నది ఉభయత్ర సూత్రము.

అయితే వీధిబడిలో చక్కని వ్రాతకు ప్రయోజనమేమి? ఇచట రెండు మార్గములు కనబడుచున్నవి. గ్రంథములను ప్రతులెత్తువానికి విడివిడిగా, గుండ్రముగా, ముత్యములవలె కూర్చిన వ్రాత కావలెను. గ్రామపు లెక్కలు వ్రాయు పట్వారికి వేగము కావలెను. అతనిది కలము నెత్తక సాగు గొలుసుకట్టు. గొలుసుకట్టు అలవడినవారికే అర్థమగును. రైతు పేరిట ఎంత శిస్తు వ్రాయబడినదో రైతు చదువుకొనజాలని స్థితి కేవలము నిరక్షరాస్యత వలన కలిగినదే గాదు. వ్రాత తీరు వలనను కలిగినది. కావున చదువదగిన వ్రాత యనునది సౌందర్యవిషయము మాత్రమే కాదు, న్యాయవిషయము కూడ.

నిజాం రాజ్యమున 1880ల దశకమున పారసీకమునకు మారుగా ఉర్దూ రాజభాష యైనది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనభాషగా నిలిచినది. తెలుగు బాలుడు పై చదువునకు పోవలెనన్నచో కుడినుండి ఎడమకు సాగు మరియొక లిపిని సాధింపవలసినవాడయ్యెను. ఉర్దూ వ్రాతకు శాస్త్రబద్ధమైన కొలత కలదు. ఏటవాలుగా చెక్కిన కలపు మొనతో పెట్టిన చుక్కను 'నుఖ్తా' యందురు. ఏ యక్షరము ఎన్ని నుఖ్తాల పొడవుండవలెనో నిర్ణయించు సంప్రదాయము పదవ శతాబ్దినాటి బాగ్దాదు లేఖకుడు ఇబ్న్ ముఖ్లా పేర ప్రసిద్ధము. చక్కని వ్రాతకు 'ఖుష్‌ఖత్' అని పేరు. మరియొక విశేషము: ఉర్దూ పుస్తకములు చిరకాలము కాతిబు చేతివ్రాతనుండి శిలాముద్రణమున వెలువడుచుండెను. అందుచేత ఆ బాలునికి పాఠ్యపుస్తకమే ఒరవడి. తెలుగు పుస్తకములో నున్నది సీసపు అచ్చు. అది చేతి కదలికను చూపదు. తెలుగు బాలునికి ఒరవడి పంతులు చేతిలోనే యుండెను. పంతులు లేనిచో ఒరవడియు లేదు.

ఈ దృష్టితో చూచినచో 1920ల దశకమున జరిగిన దాని తీవ్రత తెలియును. ప్రభుత్వానుమతి లేనిదే ఖాంగీ పాఠశాలలు నడుపరాదన్న నిబంధనతో గ్రామములలో పెక్కు బడులు మూతపడినవి. ఆంధ్రమహాసభ వేదికపై మాతృభాషలో ప్రాథమిక విద్య యను కోరిక పలుమార్లు వినబడినది. మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన 1935లో నాలుగవ మహాసభ జరిగినది కరీంనగరు జిల్లాలోని సిరిసిల్లలోనే. బడి మూతపడుట యనగా గ్రామమునకు ఒరవడి పోవుట. ఆ సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదివియు తెలుగు మహాకవి యైరి. అది ఆయన ప్రతిభకు నిదర్శనమే గాని ఆ విధానమునకు సమర్థనము గాదు.

ఆదిలాబాదు స్థితి మరింత జటిలము. 1956 వరకు రాజూరా, కిన్వటు తాలూకాలు ఈ జిల్లాలోనివే; మరాఠీ ఇచట వ్యవహారభాషలలో నొకటి. కొండలలో గోండులు, కొలాములు. జోడేఘాటున కుమురం భీము 1940లో నేలకొరగిన పిమ్మట నిజాం ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడైన హైమెన్‌డార్ఫును ఈ ప్రాంతమునకు పంపెను. ఆయన ప్రేరణతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినది. గోండీ వాచకములు దేవనాగరి లిపిలో సిద్ధమైనవి. 1956 తరువాత తెలుగు బోధనభాషగా స్థిరపడినది. ఒక్క జీవితకాలములోనే గోండు కుటుంబము తాత కచేరీలో చూచిన ఉర్దూను, తండ్రి బడిలో దిద్దిన నాగరిని, కొడుకు పలకపై వ్రాసిన తెలుగును ఎరిగినది. ఒక లిపిలో చేయి కుదురుకొనులోపల మరియొక లిపి వచ్చినది. అట్టి బాలుని వ్రాత 'కోడి కెలికినట్లున్న'దని ఆక్షేపించుటకు ముందు, అతనికి ఒరవడి నెవరు, ఎంతకాలము ఇచ్చిరని అడుగవలదా?

ఈ కథకు అనూహ్యమైన అనుబంధ మొకటి కలదు. నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండీ భాషకు ప్రత్యేకమైన లిపిలో వ్రాతప్రతులు లభించినట్లు ఇరువదియొకటవ శతాబ్ది తొలి దశకమున లోకమునకు తెలిసినది. ఆ లిపిని చదువగల వృద్ధులు ఆ గ్రామముననే యుండిరి. జయధీర్ తిరుమలరావుగారు మున్నగు పండితుల కృషితో ఆ లిపికి వాచకములు వెలసినవి. 2018లో యూనికోడునందు దానికి స్థానము లభించినది. లిపి లేనివారని మనము తలచినవారికి లిపి యున్నది. వారి పిల్లలను మనము ఏ ప్రమాణముతో తూచితిమో పునర్విమర్శ చేయుటకు ఇది చాలిన హేతువు.

ఇక వర్తమానము. విద్యాహక్కు చట్టము 2010లో అమలులోనికి వచ్చి నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించినది. తెలంగాణలో 2022లో ప్రారంభమైన 'తొలిమెట్టు' ఒకటినుండి అయిదవ తరగతి వరకు చదువుట, వ్రాయుట, లెక్కించుటలకు ప్రాధాన్యమిచ్చినది. ఇవి శ్లాఘ్యములు. కాని నోటుపుస్తకమును దిద్దునప్పుడు శుభ్రమైన పుటకు లభించు ఆదరము ఆలోచనతో నిండి కొట్టివేతలు గల పుటకు లభించుట అరుదు. చూచి వ్రాసిన పుట ఎల్లప్పుడును శుభ్రముగానే యుండును. తానే ఆలోచించి వ్రాసిన పుటలో దిద్దుబాట్లు తప్పవు. శుభ్రతనే ప్రధానముగా చూచినచో మనము అనుకరణకు బహుమానమిచ్చి ఆలోచనను దండించినవారమగుదుము.

అట్లని చేవ్రాతను ఉపేక్షింపరాదు. చెడ్డ చేవ్రాత అసంపూర్ణవిద్యకు గుర్తని గాంధీజీ తన ఆత్మకథలో పశ్చాత్తాపముతో వ్రాసికొనిరి. అక్షరములకు ముందు బాలునికి చిత్రలేఖనము నేర్పవలెనని సూచించిరి. తెలుగులో చిన్న గీత పెద్ద భేదమును కలిగించును. దకారము క్రింది గీత తప్పినచో 'ధార' 'దార' యగును. గుడికి దీర్ఘము మరచినచో 'వీడు' 'విడు' యగును. చదువరికి సందేహము కలిగించు వ్రాత దోషమే. ప్రశ్న ప్రమాణము ఉండవలెనా యని కాదు, ఏది ప్రమాణమని.

పై చరిత్రనుండి మాకు తోచిన సిద్ధాంతములు నాలుగు. మొదటిది: ప్రాథమికదశలో పరమప్రమాణము స్పష్టత. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు, దీర్ఘము, ఇవి సందేహమునకు తావీయక గుర్తింపబడిన చాలును. అందము అభ్యాసముతో వచ్చును. రెండవది: గీతలు తెలుగునకు తగినవి కావలెను. నాలుగు గీతల కాపీ ఆంగ్లాక్షరముల ఎత్తుపల్లములకై ఏర్పడినది. తెలుగు వత్తు పంక్తి క్రిందికి దిగును, గుడి పైకి లేచును. పంక్తుల నడుమ చోటు చాలనిచో బాలుని వ్రాత ఇరుకగుట అతని తప్పు గాదు. మూడవది: వ్రాతకును విషయమునకును వేర్వేరుగా విలువ కట్టవలెను. ఒక్క గీతతో కొట్టివేసి దిద్దుకొనుట దోషముగా గాక గుణముగా గణింపబడవలెను. ఇసుక ఇచ్చిన స్వేచ్ఛను కాగితము హరింపరాదు. నాలుగవది: ఇంటిభాష వేరైన బాలునికి ఎక్కువ కాలము ఒరవడి నీయవలెను, అతనిని తక్కినవారితో ఒక్క గడువున తూచరాదు.

పరిశోధకవిద్యార్థులకు ఇచట చేయవలసిన పని యున్నది. గ్రామములలో మిగిలిన పాత పలకలు, లెక్కల దస్త్రములు, మార్లవాయినాటి వాచకములు, గుంజాల ప్రతులు మన విద్యాచరిత్రకు శాసనములంతటి ఆధారములు. వానిని సేకరించి అక్షరముల పోలికలను పరిశీలించినచో, పలకపై మేలుబంతి వ్రాసిన చేతుల చరిత్ర వెలుగులోనికి వచ్చును. ఉపాధ్యాయులకు మేము విన్నవించునది అంతకంటె చిన్నది: వ్రాత బాగులేదని బాలుని పుస్తకముపై వ్రాయుటకు ముందు, ఆ పుట పైవరుసలో తమ చేతితో ఒక్క ఒరవడి వ్రాసియిండు.