ప్రాంతీయ వాణిజ్య ఒప్పందాలు - సభ్యేతర దేశాలపై ప్రభావం

కొన్ని దేశాలు తమలో తాము దిగుమతి సుంకాలను తగ్గించుకొనుటకు లేదా తొలగించుకొనుటకు చేసుకొనే ఒడంబడికను ప్రాంతీయ వాణిజ్య ఒప్పందం అంటారు. ఇందులో చేరని దేశంపై సుంకం ఏమాత్రం పెరగకపోయినా, ఆ దేశపు ఎగుమతులు తగ్గవచ్చును. సభ్యదేశాలకు మాత్రమే లభించే రాయితీ ఇందుకు కారణము.

సిద్ధాంతం

ఆర్థికవేత్త జాకబ్ వైనర్ 1950లో ఈ ఒప్పందాల ఫలితాలను రెండు విధాలుగా వివరించాడు.
- వాణిజ్య సృష్టి: ఖరీదైన స్వదేశీ సరుకు స్థానంలో సభ్యదేశపు చౌక సరుకు వచ్చుట.
- వాణిజ్య మళ్ళింపు: బయటి దేశపు చౌక సరుకును వదలి, సభ్యదేశపు ఖరీదైన సరుకును కొనుట. దీనివలన బయటి దేశం మార్కెట్టును, కొనే దేశం సుంకపు ఆదాయాన్ని కోల్పోతాయి.

ఉదాహరణ: నూలు ఎగుమతి

ఆసియాన్-చైనా ఒప్పందం వలన 2010 దశకంలో వియత్నాం నూలు సుంకం లేకుండా చైనాలో ప్రవేశించింది. ఆ ఒప్పందంలో భారతదేశం సభ్యురాలు కాదు. ఆసియా-పసిఫిక్ వాణిజ్య ఒప్పందం క్రింద కొంత రాయితీ ఉన్నను, భారత నూలుపై 3.5 శాతం సుంకం పడింది. భారత నూలు ధర 100 రూపాయలు, వియత్నాం నూలు ధర 103 రూపాయలు అనుకొన్నచో, చైనా వ్యాపారికి మొదటిది 103.50కి, రెండవది 103కి లభిస్తుంది. చౌకగా తయారైన నూలే ఓడిపోతుంది. వియత్నాంలో పత్తి పంట స్వల్పం; అక్కడి మిల్లులు ఎక్కువగా దిగుమతి పత్తినే వాడతాయి.

అయితే చైనాకు భారత నూలు ఎగుమతులు తగ్గుటకు సుంకమొక్కటే కారణం కాదు. చైనా 2014లో తన పత్తి నిల్వల విధానాన్ని మార్చుకొనుట కూడా ఒక కారణం.

తెలంగాణపై ప్రభావం

సిద్దిపేట జిల్లా తొగుట వంటి మండలాలలో పత్తి పండించే రైతు నేరుగా ఎగుమతి చేయడు. పత్తి జిన్నింగ్ మిల్లులకు, దూది నూలు మిల్లులకు చేరుతుంది. నూలుకు గిరాకీ తగ్గినపుడు ఆ ఒత్తిడి వెనుకకు ప్రసరించి పత్తి ధరపై పడుతుంది. అట్టి సమయంలో భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనుగోలు చేస్తుంది. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు.

నియమాలు

గాట్ ఒప్పందం 24వ అధికరణం ప్రకారం, ఇట్టి కూటములు బయటి దేశాలపై అవరోధాలను మునుపటికంటె పెంచరాదు. కాని లోపలి రాయితీ వలన కలిగే నష్టాన్ని ఈ నియమం ఆపలేదు.

బయట ఉండుట

ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్యం నుండి భారతదేశం 2019 నవంబరులో వైదొలగినది. 15 దేశాలు 2020లో సంతకం చేయగా, అది 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. బయట ఉండుటచేత పాడి రైతులకు దిగుమతుల పోటీ నుండి రక్షణ కలిగినను, ఎగుమతిదారులకు ఆ దేశాల పరస్పర రాయితీలు లభించవు.